మన బడి టీచర్లకు మన చర్చీలు ఏం చేయగలవు?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇవ్వమంటే గురువు గొప్పతనం మీదో, చదువు విలువ మీదో రాయడం మనకు అలవాటు. అవీ రాయవలసినవే. అయితే ఈసారి మేము వేరే సంగతి ఎత్తుకున్నాం. మేము అంటే ఈ హాస్టల్లో ఉండి చదువుకుని, ఇప్పుడు మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెబుతున్న కొందరం. ఎక్కువమందిమి ప్రభుత్వ టీచర్లం, ఇద్దరు ప్రైవేటు బడుల్లో ఉన్నారు. సగం మందిమి ఆదివారం చర్చికి పోతాం. మిగతా సగం మందిమి పోము, బోనాలకు పోయేవాళ్లం ఉన్నాం, బుద్ధ వందన చేసేవాళ్లమూ ఉన్నాం. ఈ ఒక్క విషయంలో అందరి మాటా ఒకటే అయింది కనుక "మేము" అనే రాస్తున్నాం.

విషయం ఇది. మన వాడల్లో గట్టి కట్టడాలు రెండే కనిపిస్తాయి. ఒకటి బడి, రెండోది చర్చి. కొన్ని ఊళ్లలో ఈ రెండింటికీ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆదివారం చర్చిలో చాప మీద కూర్చున్న తల్లే సోమవారం పొద్దున పిల్లను బడి గేటు దగ్గర దింపి కూలికి పోతుంది. టీచరుకు తెలిసిన ఇళ్లూ, పాస్టరుకు తెలిసిన ఇళ్లూ అవే. అయినా ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేది ఏడాదికి ఒక్కసారి, సెప్టెంబరు 5న. ఆ రోజు సంఘ పెద్దలు శాలువా, పండ్ల బుట్ట తెస్తారు, ఫోటో దిగుతారు, పోతారు. శాలువా మీద మాకు కోపమేమీ లేదు. కానీ మా ఇళ్లలో బీరువా తెరిస్తే శాలువాలే. జరీ అంచు మెడకు గుచ్చుకునే ఆ శాలువాలు చలికి కూడా పనికిరావు. ఏ టీచరింటికి పోయి అడిగినా ఈ మాటే చెబుతారు.

ఒకప్పుడు ఇట్లా ఉండేది కాదు. మన ప్రాంతంలో చర్చి, బడి పంతులు కలిసే వచ్చారు. వెస్లియన్ మెథడిస్టు మిషన్ 1880 ప్రాంతంలో సికింద్రాబాదులో పని మొదలుపెట్టి మెదక్ వైపు పాకింది. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర మెదక్‌లో 1914లో మొదలుపెట్టిన పెద్ద చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. కరువు రోజుల్లో దాని పనికి వచ్చినవాళ్లకు తిండి దొరికిందని మన పెద్దలు చెప్పగా విన్నాం. 2024లో దానికి నూరేళ్లు నిండినప్పుడు మనలో చాలామంది పోయి చూసివచ్చారు. వచ్చినవాళ్లంతా ఆ 173 అడుగుల గోపురం గురించే చెప్పారు. మాకు మాత్రం గోపురం కన్నా ఆ మిషన్లు పల్లెలకు పంపిన పంతుళ్లే పెద్దగా కనిపిస్తారు. వాళ్లు మాల, మాదిగ వాడల్లోనే ఉండేవారు. పిల్లలు పగలు పశువుల వెంట పోతారు, పెద్దలు వెట్టికి పోతారు, కాబట్టి బడి చీకటి పడ్డాకే. ఊరి బడి గడప తొక్కనీయని రోజుల్లో మన ముత్తాతల చేతికి పలక వచ్చింది ఆ లాంతరు వెలుగులోనే.

ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న డోర్నకల్ అప్పుడు నిజాం రాజ్యంలోది. దానికి వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న అభిషేకం పొంది బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. తమిళ దేశం నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న మనిషి. ఆయన పనంతా పల్లె పంతుళ్ల మీద, వాళ్ల భార్యల మీద నిలబడింది. భర్త పిల్లలకు, మగవాళ్లకు చెబితే భార్య ఆడవాళ్లకు చెప్పేది. మిషన్లు ఈ పంతుళ్లను పల్లెల్లో వదిలేసి ఊరుకోలేదు. కేంద్రానికి పిలిపించి, జీతమిచ్చి, మళ్లీ కొంత నేర్పి పంపేవారు. అంటే పంతులుకు కూడా ఒక బడి ఉండేదన్నమాట. సంఘాన్ని నిలబెట్టడానికి ఆడవాళ్లు అన్నం వండబోయే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేవారు. ఆదివారం ఆ బియ్యం చర్చికి వచ్చేది. కోతల పండుగకు ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు వచ్చేవి. మా నానమ్మల్లో ఒకరు ఇప్పటికీ ఆ పిడికెడు తీస్తారు, ఎందుకని అడిగితే "తియ్యకుంటే అన్నం ఉడుకుతదా?" అంటారు.

ఆ కాలాన్ని బంగారు కాలమని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ పంతులు ప్రచారకుడు కూడా. అక్షరం, ప్రార్థన ఒకే సంచిలో వచ్చాయి. మనవాళ్లకు చదువు చెప్పినవాళ్లు మిషన్లవాళ్లు ఒక్కరే కూడా కాదు. భాగ్యరెడ్డి వర్మ 1910లో హైదరాబాదు ఇసామియా బజారులో మన పిల్లల కోసం బడి పెట్టారు. ఇక గుర్రం జాషువా గారి సంగతి చూడండి. గుంటూరులో లూథరన్ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేసిన అంతటి కవిని ఒకవైపు కులం పేరుతో అవమానించారు, మరోవైపు పురాణ కథలు రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలు దూరం పెట్టారు. పంతులును మోసిన చర్చే పంతులును విసిగించింది కూడా. రెండూ జరిగాయి కాబట్టి రెండూ చెప్పాలి.

స్వాతంత్ర్యం తరువాత బడి నెమ్మదిగా సర్కారుది అయింది. మంచిదే, అది హక్కు. కానీ దాంతోపాటు "పంతులు సంగతి సర్కారు చూసుకుంటది" అన్న భావం చర్చిలో స్థిరపడిపోయింది. పట్నంలో పేరున్న ఇంగ్లీషు మీడియం బడులు చర్చీలవే ఉన్నాయి, వాటిలో సీటు మన అమ్మానాన్నల తాహతుకు అందేది కాదు. మన పిల్లలు చేరింది జిల్లా పరిషత్తు బడుల్లో, ఉన్నది సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో. అందుకే మేము చర్చీల గురించి మాట్లాడేటప్పుడు ఆ పెద్ద బడుల గురించి కాదు, వాడలో రేకుల కప్పు చర్చి గురించి మాట్లాడుతున్నాం.

ఇప్పుడు మా చుట్టూ ఉన్న బడుల సంగతి. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి నుంచి విడిపోయి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయింది. మేడ్చల్ మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి, రెంటినీ కోస్తూ ఔటర్ రింగు రోడ్డు. తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ ఉంది, కరోనా టీకా అక్కడ తయారైంది. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. బయటి నుంచి చూసేవాళ్లకు ఇక్కడేం తక్కువ అనిపిస్తుంది. తరగతి గదిలోకి వచ్చి చూడాలి. గోదాముల్లో, ఫ్యాక్టరీల్లో, కట్టడాల దగ్గర పనికి వచ్చిన ఒడిశా, బీహారు, మహారాష్ట్ర కుటుంబాల పిల్లలు మన పిల్లల పక్కన కూర్చుంటారు. తెలుగు రాదు. 2022-23 నుంచి ఒకటో తరగతి మొదలు ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. టీచరు ఇంగ్లీషు పుస్తకం తెరిచి, తెలుగులో వివరించి, వెనక బెంచీకి వచ్చీరాని హిందీలో మళ్లీ చెప్పాలి. అంతా కుదిరి ఆ పిల్లవాడు చదవడం మొదలుపెట్టేసరికి తండ్రికి పని ఇంకో చోట దొరుకుతుంది, పిల్లవాడు పోతాడు. హాజరు పట్టీలో పేరు మిగులుతుంది.

టీచర్లలో ఎక్కువమంది అల్వాల్, బొల్లారం, మల్కాజిగిరి వైపు నుంచి వస్తారు. బస్సు దిగి ఆటో, ఆటో దిగి నడక. ఊళ్లో ఇల్లు తీసుకోవచ్చు గదా అంటారు. భూముల ధరలతోపాటు అద్దెలు పెరిగాయన్నది ఒక మాట. రెండో మాట ఎవరూ పైకి అనరు. మా హాస్టల్‌మేట్ ఒకామె డీఎస్సీలో ఉద్యోగం వచ్చి ఒక ఊళ్లో గది వెతుక్కుంది. గది చూపించినవాళ్లు నీళ్లు, కరెంటు గురించి చెప్పాక చివరికి "మీరేమోళ్లమ్మా?" అని అడిగారు. ఆమె చెప్పింది. మరునాటికి ఆ గది చుట్టాలకు ఇచ్చేశామన్నారు. మూడు ఇళ్లలో ఇదే వరస. నాలుగోది వాడలో ఒక సంఘ పెద్ద ఇల్లు, పైన రేకుల గది. ఆయన భార్య అడిగిన మాట ఒక్కటే, "రాత్రి అన్నమా, రొట్టెనా?" ఆమె ఆ గదిలో నాలుగేళ్లు ఉంది. ఆ నాలుగేళ్లూ ఆ బడి పిల్లలకు సాయంత్రం కూడా టీచరు ఊళ్లో దొరికింది. ఇంతకంటే పెద్ద సన్మానం ఏ చర్చి ఏ టీచరుకు చేసిందో మాకు తెలియదు.

మా సొంత అనుభవం కూడా ఒకటి చెప్పాలి. మేము పదో తరగతిలో ఉన్నప్పుడు రాత్రిపూట కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. హాస్టల్ హాలులో అందరం ఒకే చోట, ఒకడు గట్టిగా చదివితే ఇంకొకడికి తలనొప్పి. లెక్కల సార్ సాయంత్రం ఉండి చెబుతానన్నారు గాని బడిలో దీపం లేదు. దగ్గర్లో ఒక చర్చి ఉంది, ఆదివారం తప్ప ఆరు రోజులు తాళం. సార్ పోయి అయ్యగారిని అడిగారు. సార్ చర్చికి పోయే మనిషి కాదు, నుదుట బొట్టుతోనే పోయి అడిగారు. అయ్యగారు తాళం తీశారు. క్రిస్మస్‌కు వాడే జనరేటరు బయటికి తెచ్చారు. ఆ జనవరి నుంచి పరీక్షల దాకా మాకు అదే బడి. స్త్రీల మైత్రి ఆడవాళ్లు వంతులేసుకుని శనగ గుడాలు ఉడకేసి తెచ్చేవాళ్లు. అన్ని రోజుల్లో ఒక్క రోజు కూడా మమ్మల్ని ఎవరూ ప్రార్థనకు కూర్చోమనలేదు.

ఒక సాయంత్రం అయ్యగారు "సారూ, మీకేమన్న కావాలెనా?" అని అడిగారు. సార్ కాసేపు ఆలోచించి, బోర్డు మెరుస్తున్నదయ్యగారూ, పక్కన కూర్చున్న పిల్లలకు కనపడతలేదు అన్నారు. మరుసటి రోజు యువజన సంఘం పిల్లలు గరుకు కాగితంతో రుద్ది, మెరవని నల్ల రంగు వేశారు. తరువాత సార్ మాతో అన్నారు, నా సర్వీసులో హెడ్మాస్టరు కాక ఇంకొకరు నన్ను ఏం కావాలని అడగడం ఇదే మొదటిసారి అని. టీచర్లు కోరేవి ఎంత చిన్నవో ఆ రోజు అర్థమైంది. ఇప్పుడు మేమూ ఆ కుర్చీలో ఉన్నాం కాబట్టి ఇంకా బాగా అర్థమవుతున్నది.

చిన్నవంటే ఎట్లాంటివి? సిగ్గుపడకుండా ఒకటి రాస్తాం. కొన్ని బడుల్లో ఆడ టీచర్లకు మరుగుదొడ్డి ఉన్నట్టు లెక్కల్లో ఉంటుంది, నీళ్లుండవు. పొద్దున ఏడింటికి ఇల్లు వదిలిన మనిషి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉంటుంది. గోడ అవతల చర్చిలో బాత్రూము ఉంటుంది, తాళం వేసి ఉంటుంది. ఆ తాళంచెవి బడికి ఇవ్వడానికి సంఘం తీర్మానం కూడా అక్కర్లేదు.

తల్లిదండ్రుల సమావేశం ఇంకొకటి. మేము పెడితే పది మంది రారు, కూలి పోతుంది మరి. ఆదివారం ఆరాధన తరువాత ప్రకటనలు చదువుతారు గదా, ఉపవాస కూటం ఎప్పుడు, ఎవరింట్లో ప్రార్థన అని. ఆ ప్రకటనల్లోనే "మంగళవారం బడిలో మీటింగు, టీచరమ్మ పిలుస్తున్నది, పోయి రండి" అని పాస్టరు ఒక్క మాట చదివితే వచ్చేవాళ్ల సంఖ్య మారుతుంది. ఒక ఊళ్లో చూశాం కాబట్టే రాస్తున్నాం. 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో మహిళా సంఘాల వాళ్లున్నారు. వాళ్లలో చాలామంది స్త్రీల మైత్రిలో కూడా ఉన్నవాళ్లే. అక్కడా ఇక్కడా ఉన్న ఆ ఆడవాళ్లే బడికీ చర్చికీ మధ్య అసలైన తోవ.

అన్నిటికంటే బరువైనది పెండ్లి సంగతి. తొమ్మిదో తరగతి పిల్ల దసరా సెలవుల తరువాత రాదు. అడిగితే జ్వరం అంటారు. తరువాత తెలుస్తుంది. 2006 చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని పిల్లకు పెండ్లి చేయడం నేరం, 1098కి ఫోన్ చేయవచ్చు. కానీ ఫోన్ చేసింది ఫలానా టీచరని ఊరికి తెలిస్తే ఆ టీచరు మళ్లీ ఆ ఊరికి బస్సు దిగడం కష్టం. ఒంటరిగా వచ్చిపోయే ఆడ టీచరుకు మరీ కష్టం. మన సీఎస్ఐ చర్చీల్లో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఆ ప్రకటన చదవడానికి ముందే పాస్టరు పిల్ల బడి సర్టిఫికెట్ అడిగి పుట్టిన తేదీ చూస్తే చాలు, సగం పని అక్కడే అయిపోతుంది. టీచరు చెడ్డ కావలసిన అవసరం రాదు. పాస్టరు మాట తండ్రి వింటాడు, మా మాట వినడు. ఒక పిల్ల పదో తరగతి హాల్‌టికెట్ తీసుకుంటుందా, మంగళసూత్రమా అన్నది ఆ ఒక్క కాగితం అడగడం మీద ఆధారపడి ఉంటుంది. ఇది రాస్తున్న మాలో ఇద్దరి చెల్లెళ్లకు అట్లా అడిగినవాళ్లు లేకపోయారు.

ప్రైవేటు టీచర్ల గురించి కూడా రాయకపోతే మా ఇద్దరు మిత్రులు ఊరుకోరు. 2020లో కరోనాకు బడులు మూతపడితే టీచర్లు కూరగాయలు అమ్మారు, హమాలీ పనికి పోయారు. 2021 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు బడుల టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. నెలకు 12,000 రూపాయలకు సర్కారు బడుల్లో పనిచేసిన విద్యా వాలంటీర్లను 2020 తరువాత మళ్లీ తీసుకోనే లేదు. ఆ రోజుల్లో చాలా చర్చీలు బియ్యం, పప్పు పంచాయి, మేమూ మోశాం. అది మరవం. కానీ సంఘాలు, పాస్టర్లు నడిపే చిన్న బడులు కూడా మన చుట్టూ ఉన్నాయి. వాటిలో కొన్నిటిలో టీచరుకు ఏడాదికి పది నెలల జీతమే. ఎండాకాలం రెండు నెలలు టీచరు ఏం తినాలి? ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఊళ్లోని టీచర్లందరికీ శాలువాలు కప్పే సంఘం, ముందు తన బడి టీచరుకు మే నెల జీతం ఇవ్వాలి. ఇది కటువుగా ఉంటే ఉండనివ్వండి.

ఇక హద్దుల మాట. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదు. నోటుపుస్తకాల కట్టలో ఒక కరపత్రం పెడితే పెట్టినవాళ్లు ఇంటికి పోతారు, జవాబు చెప్పుకోవలసింది హెడ్మాస్టరు. విలువైన బహుమతులు తీసుకోవడానికి టీచర్లకు సర్వీసు నియమాలు ఒప్పుకోవు. కాబట్టి ఇచ్చేది బడికి ఇవ్వాలి, రిజిస్టర్లో రాయించి ఇవ్వాలి. సాయం తీసుకునే పిల్లల్లో చర్చికి పోయేవారెవరు, పోనివారెవరు అని చూడకూడదు.

ఫోటోల సంగతి మరీ ముఖ్యం. 1950 నాటి ఎస్సీ ఉత్తర్వు మొదట హిందువులకే వర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవారు, వాళ్ల సంతానం మన రాష్ట్రంలో బీసీ-సి. ఇది న్యాయమా కాదా అన్నది పెద్ద చర్చ, మాలోనే రెండు అభిప్రాయాలున్నాయి, ఇక్కడ తేలేది కాదు. కానీ బడి పిల్లలను బ్యానరు ముందు నిలబెట్టి "మా సంఘ పిల్లలు" అని ఫోటో తీసి ఎక్కడెక్కడికో పంపేవాళ్లకు తెలియవలసింది ఒకటుంది. ఆ పిల్లవాడు ఎప్పుడూ బాప్తిస్మం తీసుకోకపోవచ్చు, గుడాల కోసమే వచ్చి ఉండవచ్చు. రేపు వాడి సర్టిఫికెట్ మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆ ఫోటో వాడి చదువుకు, హాస్టల్ సీటుకు అడ్డం పడుతుంది. తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగేది వాడి అమ్మ. తోడు నిలబడి సంతకాలు పెట్టేది మళ్లీ ఆ టీచరే.

సావిత్రిబాయి ఫూలే కూడా మిషనరీ టీచరు సింథియా ఫరార్ దగ్గర శిక్షణ పొందారని మన సంచికల్లోనే చదువుకున్నాం. 2025 నుంచి తెలంగాణలో ఆమె పుట్టినరోజు జనవరి 3ను మహిళా టీచర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. చర్చీలు కార్యక్రమం పెట్టదలిస్తే ఆ రోజు పెట్టమని మా మనవి. పదో తరగతి స్పెషల్ క్లాసులకు సరిగ్గా అక్కరకొచ్చే సమయం అది. శాలువాలు వద్దు, టీచర్లను కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఏం కావాలని అడగండి, చెప్పింది రాసుకోండి.

మాలో ఒకరు పనిచేసే బడిలో నిరుడు ఇట్లాగే అడిగారు. ట్యూబులైట్లు రెండు, తాగేనీళ్ల క్యాను, సాయంత్రం కూర్చోవడానికి చోటు అని చెప్పాం. పాస్టరు గారు చర్చి హాలు తాళంచెవి ఒకటి ఎక్కువ చేయించి తెచ్చారు. ఎర్ర దారం కట్టి ఉంది దానికి. ఇప్పుడది హెడ్మాస్టరు గదిలో, హాజరు రిజిస్టర్ల బీరువా పక్కన మేకుకు వేలాడుతున్నది. సాయంత్రం నాలుగున్నరకు ఎవరో ఒక పిల్లవాడు పరిగెత్తుకొచ్చి తీసుకుపోతాడు.